బల్దియా చాదర్‌ఘాట్: ఒకప్పటి పట్టణం, నేటి మొహల్లా

(చాదర్‌ఘాట్ పరిసర బస్తీల కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము చరిత్ర పండితులము కాము. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ఫైళ్ల మధ్య గడిపి, ఉద్యోగ విరమణ తర్వాత బస్తీ పనుల్లో తిరుగుతున్న వారము. కాబట్టి ఈ ప్రసంగంలో నవాబుల వైభవం కంటే కాగితాల ప్రస్తావనే ఎక్కువగా ఉంటుంది. మన్నించండి. కాగితం విలువ తెలిసింది మాకు ఆ కుర్చీలోనే.

రెండేళ్ల క్రితం ఒక విధవరాలు మా వద్దకు ఒక గుడ్డమూట తెచ్చింది. ఆమె భర్త తాతగారి నాటి ఇల్లు. వారసత్వం మార్పించుకోవాలని ఒక కార్యాలయానికి వెళ్లింది. మూటలో ఉన్నవాటిలో అన్నిటికన్నా పాతది ఒక ఇంటిపన్ను రసీదు. ఉర్దూలో అచ్చయి, చేతివ్రాతతో పూరించబడి, పైన "బల్దియా చాదర్‌ఘాట్" అని, కింద 1338 ఫస్లీ అని ఉన్నది. అక్కడి ఉద్యోగి ఎవరితోనో చదివించుకొని, "అమ్మా, చాదర్‌ఘాట్ అనే మునిసిపాలిటీయే లేదు. ఇది చెల్లదు" అని తిరిగి ఇచ్చేశాడట. ఆమె కన్నీరు పెట్టుకొని, "మా మామగారు నకిలీ కాగితం దాచారా?" అని మమ్మల్ని అడిగింది.

ఆ ఉద్యోగిని మేము నిందించము. అతనికి ఎవ్వరూ చెప్పలేదు. మనలో మాత్రం ఎంతమందికి తెలుసు? చాదర్‌ఘాట్ అంటే వంతెన, ట్రాఫిక్ చౌరస్తా, మెట్రో కింద నీడ. ఒకప్పుడు ఇది హైదరాబాదు నుండి వేరైన పట్టణమనీ, సొంత బల్దియా ఉండేదనీ మన పిల్లలకు మనమే చెప్పలేదు.

1591లో కులీ కుతుబ్ షా హైదరాబాదు నగరాన్ని మూసీ నదికి దక్షిణపు ఒడ్డున నిర్మించాడు. నది దాటడానికి అప్పటికి ఉన్నది 1578 నాటి పురానా పూల్ ఒక్కటే. రెండున్నర శతాబ్దాల పాటు వేరే వంతెన లేదు. 1831లో కట్టిన రెండవ వంతెనే చాదర్‌ఘాట్ వంతెన. దానిని కట్టించిన ఆంగ్లేయ ఇంజనీరు పేరు మీదుగా ఆలిఫెంట్ వంతెన అని కూడా పిలిచేవారు. ఆనకట్ట మీదుగా నీరు దుప్పటి పరచినట్లు జారుతుండేది గనుక ఈ రేవుకు చాదర్ ఘాట్ అనే పేరు వచ్చిందని మా పెద్దలు చెప్పేవారు. నేటి మూసీని చూసినవారికి ఆ మాట నమ్మశక్యం కాదు.

అసలు ఈ ఒడ్డున ఊరు పెరగడానికి మూలకారణం రెసిడెన్సీ. 1798 సైన్య సహకార సంధి తర్వాత నిజాం దర్బారులో ఇంగ్లీషు కంపెనీ మాట బలపడింది. రెసిడెంటు జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ 1803 ప్రాంతంలో నది ఉత్తరపు ఒడ్డున పెద్ద భవనం కట్టడం ఆరంభించాడు. మన ఖైరున్నిసా బేగమును నిఖా చేసుకొన్నవాడు ఆయనే. ఆ భవనంలోనే తర్వాత కోఠీ మహిళా కళాశాల నడిచింది, నేడు మహిళా విశ్వవిద్యాలయం నడుస్తున్నది. రెసిడెన్సీ చుట్టూ సాహుకార్లు, వర్తకులు, సైన్యానికి సరుకులు అందించేవారు, పార్సీలు, కాయస్థులు, మద్రాసు నుండి వచ్చిన నౌకర్లు చేరారు. వాటినే రెసిడెన్సీ బజార్లు అన్నారు. ఇక్కడ ఒక విచిత్రమున్నది. ఆ బజార్లలో నిజాం పోలీసుల అధికారం చెల్లదు, రెసిడెంటు అధికారమే చెల్లుతుంది. ఒక వీధి దాటితే చట్టం మారిపోయేది. ఆ బజార్ల పక్కనే, నిజాం ఏలుబడిలో ఉన్న భాగం చాదర్‌ఘాట్.

ఈ నేల మీద జరిగిన ఒక్క సంఘటనను మాత్రం కొంచెం ఆగి చెప్పుకోవాలి. 1857 జులై 17, శుక్రవారం. ఢిల్లీలో యుద్ధం సాగుతున్నది. ఆంగ్లేయుల కోసం అటు నడవడానికి నిరాకరించి ఔరంగాబాదు వైపు నుండి హైదరాబాదు వచ్చిన జమేదార్ చీదా ఖాన్‌ను, అతని తోడివారిని దివాన్ పట్టించి రెసిడెన్సీకి అప్పగించాడు. వారిని విడిపించాలని మక్కా మస్జిద్‌లో మాట లేచింది. ఆ సాయంకాలం తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ నాయకత్వంలో వందలాది మంది రొహిల్లాలు, నగర ప్రజలు నది దాటి వచ్చి పుత్లీబౌలీ వైపు ఇద్దరు సాహుకార్ల ఇళ్లను ఆక్రమించి అక్కడి నుండి రెసిడెన్సీ మీద కాల్పులు జరిపారు. లోపలివారికి ముందే కబురు అందింది. ఫిరంగులు సిద్ధంగా ఉన్నాయి. తెల్లవారేసరికి పోరు ముగిసింది. తుర్రెబాజ్ ఖాన్ పట్టుబడి యావజ్జీవ శిక్ష పొందాడు. 1859 జనవరిలో చెర నుండి తప్పించుకొన్నాడు. కొద్ది రోజులకే తూప్రాన్ దగ్గర చంపి, అతని శవాన్ని నగరంలో వేలాడదీశారు. మౌల్వీ అలావుద్దీన్‌ను అండమాన్ పంపారు, ఆయన అక్కడే కన్నుమూశారు. కోఠీలో ఒక స్మారక స్తంభం ఉన్నది. దాని పక్కన నిలబడి బస్సు కోసం ఎదురుచూసే మన యువకుల్లో పదిమందిని అడగండి, అది ఎవరిదో ఒక్కరు చెబితే మేము సంతోషిస్తాము.

రెసిడెంటుకు కబురు పంపిన దివాన్ మొదటి సాలార్‌జంగే. ఆ మాట చెప్పినప్పుడు కొందరికి కోపం వస్తుంది, కొందరు ఆయనను వెనకేసుకొస్తారు. మేము రెండూ చేయము. అదే సాలార్‌జంగ్ పన్నుల పద్ధతిని, కోర్టులను, పోలీసును ఒక దారికి తెచ్చాడు. 1869లో హైదరాబాదుకు, చాదర్‌ఘాట్‌కు బల్దియా ఏర్పాటు చేసినది కూడా ఆయన హయాములోనే. పాత నగరాన్ని నాలుగు భాగాలుగా, చాదర్‌ఘాట్‌ను అయిదు భాగాలుగా విభజించారు. 1886లో చాదర్‌ఘాట్‌ను ప్రత్యేక అధికారి కిందికి తెచ్చి, వేరే మునిసిపాలిటీగా చేశారు. నదికి ఒక ఒడ్డున ఒక బల్దియా, మరో ఒడ్డున ఇంకొకటి. వీధి దీపాలు వేరు, చెత్త బండ్లు వేరు, పన్ను రసీదులు వేరు. 1933లో హైదరాబాదులో కలిసిపోయే వరకు నలభై ఏడేళ్లు చాదర్‌ఘాట్ ఈ విధంగా నడిచింది.

ఆ విధవరాలి రసీదు మీది 1338 ఫస్లీ ఈ నలభై ఏడేళ్ల లోపలిదే. లెక్క తెలియనివారి కోసం చెబుతాము: నిజాం రాజ్యపు ఫస్లీ సంవత్సరానికి 590 కలిపితే ఇంచుమించు ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. అక్టోబరులో ఏడాది మొదలయ్యేది గనుక ఒక్కొక్కప్పుడు 591 కలపాలి. అంటే 1928–29. ఆ ఏట చాదర్‌ఘాట్ బల్దియా ఉన్నదా? ఉన్నది. మరి ఇంటిపన్ను హైదరాబాదు పేరు మీద ఎందుకు ఉంటుంది?

ఆ కాలపు చాదర్‌ఘాట్ ఎలాంటి ఊరు? పాత నగరం దర్బారుది, ఈ ఒడ్డు కొత్త చదువులది. సాలార్‌జంగ్ పిలుపు మీద ఉత్తరాది నుండి వచ్చిన విద్యావంతులు, అలీగఢ్ ఉద్యమంతో సంబంధమున్నవారు, మొహసినుల్ ముల్క్, చిరాగ్ అలీ, సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ వంటివారు రాజ్యపు కొలువుల్లో ఉన్న రోజులవి. స్థానికులకు, బయటివారికి మధ్య ముల్కీ తగాదా కూడా ఈ రోజులలోనే మొదలైంది. మొదట్లో అది ముస్లింల మధ్యనే నడిచిన తగాదా అని నేడు చాలామందికి తెలియదు. 1883లో చాందా రైలు ఒప్పందం విషయమై, ఆ షరతులు ప్రజల ముందు పెట్టాలని విద్యావంతులు సభలు జరిపారు. సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ్, ముల్లా అబ్దుల్ ఖయ్యూమ్ ఆ పనిలో కలిసి నిలిచారు. రాజ్యం వారిని సహించలేదు, అఘోరనాథ్‌ను బయటికి పంపించింది. ముల్లా అబ్దుల్ ఖయ్యూమ్ పేరు మన పిల్లల పాఠాలలో లేదు. ఆయన దాయిరతుల్ మఆరిఫ్ స్థాపనలోనూ, ఆసఫియా గ్రంథాలయ స్థాపనలోనూ పాలుపంచుకొన్న ఆలిము, కాంగ్రెసును సమర్థించిన తొలి తరపు ముస్లింలలో ఒకరు.

తెలుగువారికి సైతం ఈ ఒడ్డు రుణం ఉన్నది. 1901లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం మొదలైనది రెసిడెన్సీ బజారులోనే. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు దాని వెనుక ఉన్నవారు. ఒకే ఊరిలో అరబ్బీ గ్రంథాలు వెలికితీసిన ఆలిములూ తిరిగారు, తెలుగు గ్రంథాలయం పెట్టినవారూ తిరిగారు. "వారి ఊరు", "మన ఊరు" అని నేడు ఎవరైనా గీత గీస్తే, ఆ గీత ఆనాడు ఇక్కడ లేదు.

ఇప్పుడు నది సంగతి.

1908 సెప్టెంబరు 28. ఎగువన చెరువులు వరుసగా తెగి మూసీ ఒక్క రాత్రిలో రెండు ఒడ్డులనూ ముంచింది. పదిహేను వేల మందికి తక్కువ కాకుండా మరణించారని అంచనా. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు నూట యాభై మంది బ్రతికారు. ఆ చెట్టు నేటికీ ఉన్నది. ఉర్దూ రుబాయీలకు పేరుపొందిన అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకొని ఒంటరిగా బయటపడ్డాడు. వంటిల్లు, వరండా, ఎదుటి వీధి అన్నీ పోయినవారు ఎందరో. పత్రాల గురించి ఎవరు ఆలోచిస్తారు? 1908కి ముందు కాగితాలు మనలో చాలా కుటుంబాల వద్ద లేకపోవడానికి ముఖ్యకారణం ఈ వరదే. ఏ అధికారి అయినా "అంతకు ముందు రుజువు చూపండి" అంటే చెప్పవలసిన మొదటి మాట ఇదే.

వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఎగువన 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. 1912లో నగర అభివృద్ధి బోర్డు ఏర్పడి ఇరుకు బస్తీలు తీసి కొత్త ఇళ్లు కట్టించింది. వీటివల్ల రెండు ఫలితాలు కలిగాయి. మొదటిది అందరూ చెప్పేదే, నగరం సురక్షితమైంది. రెండవదాని గురించి ఎవరూ మాట్లాడరు. నది చిక్కిపోయి ఒడ్డున నేల బయటపడింది. పెద్ద ఇళ్లవారు ఎత్తైన వీధులలో ఉండగా, వారి ఇళ్లలో పనిచేసేవారు, బండి తోలేవారు, చాకలివారు, బీడీలు చుట్టేవారు, పల్లెల నుండి వచ్చిన కూలీలు ఆ దిగువ నేలలో చేరుతూ వచ్చారు. జలాశయాలు వరదను ఆపుతాయన్న ధైర్యాన్ని వారికి ఇచ్చింది రాజ్యమే. తర్వాత కరెంటు మీటరు ఇచ్చినది, నల్లా ఇచ్చినది, రేషన్ కార్డు ఇచ్చినది, ఓటు అడిగినది కూడా ప్రభుత్వాలే.

1933లో చాదర్‌ఘాట్ మునిసిపాలిటీ హైదరాబాదులో విలీనమైంది. రెసిడెన్సీ బజార్లు కూడా అదే ఏడాది నిజాముకు తిరిగి వచ్చి సుల్తాన్ బజారు అయ్యాయి. ఊరు కలిసిపోయింది, రికార్డు మాత్రం కలవలేదని మా అనుభవం. పాత కిబాలాలో హద్దులు చాదర్‌ఘాట్ పేరుతో ఉంటాయి, తర్వాతి రిజిస్టరులో ఇంకొక పేరు ఉంటుంది, వార్డు సంఖ్యలు మళ్లీ మళ్లీ మారాయి. పారసీకం పోయి ఉర్దూ వచ్చింది, ఉర్దూ పోయి ఇంగ్లీషు, తెలుగు వచ్చాయి. వక్ఫ్ ఆస్తుల సంగతి మరీ దారుణం. దస్తావేజులో ఒక మొహల్లా పేరు, గెజిట్‌లో ఇంకొక పేరు ఉంటే, ఖబరస్తాన్ గోడ పక్కవాడికి అంతకన్నా ఏమి కావాలి?

2024 సెప్టెంబరు చివరలో ఏమి జరిగిందో మీకు మేము చెప్పనక్కరలేదు. మూసీ ఒడ్డున ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో "ఆర్‌బి–ఎక్స్" అని రాశారు. అక్టోబరులో మన మూసానగర్, శంకర్‌నగర్ ఇళ్లు కూల్చారు. కొన్ని కుటుంబాలకు రెండు పడకగదుల ఇళ్లు ఇచ్చారు. ఒకే గోడకు అటు ఇటు ఉన్న అన్నదమ్ములలో ఒకరికి ఇల్లు దొరికి మరొకరికి దొరకకపోవడం మేము కళ్లారా చూశాము. తేడా ఏమిటి? ఒకరి భార్య రసీదులన్నీ పప్పుల డబ్బాలో దాచింది.

మేము ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పాలి, కొందరికి నచ్చకపోవచ్చు. నది దారిలో ఇల్లు క్షేమమని మేము అనము. 2025 సెప్టెంబరు 26 రాత్రి జంట జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌లోకి నీరు వచ్చింది, ఒడ్డు బస్తీలవారు పిల్లలను ఎత్తుకొని పరుగెత్తారు. 1908 వరద తేదీకి రెండు రోజుల ముందు! నది తన దారి మరచిపోదు. కానీ ఖాళీ చేయించేటప్పుడు మనల్ని ఆక్రమణదారులని పిలవడానికి, నివాసులని పిలవడానికి చాలా తేడా ఉన్నది. ఆక్రమణదారుకు దయ చూపుతారు. నివాసికి హక్కు ఉంటుంది. నివాసివని చూపించేది నీ మాట కాదు, నీ కాగితం. మసీదు కమిటీ సభ్యులు మైకులో ఎంత గట్టిగా మాట్లాడినా అధికారి బల్ల మీద మిగిలేది ఆ కాగితమే.

ఇక ఆ విధవరాలి సంగతి. చాదర్‌ఘాట్ బల్దియా ఏ సంవత్సరం నుండి ఏ సంవత్సరం వరకు ఉన్నదో, ఫస్లీ లెక్క ఎలా చేయాలో ఒక పేజీలో వ్రాసి, రసీదుకు తెలుగు అనువాదం జతపరచి, మేమే ఆమె వెంట వెళ్లాము. మొదటిసారి తీసుకోలేదు. మూడవసారి తీసుకొని ముద్ర వేసి సంఖ్య ఇచ్చారు. పదకొండు నెలలకు వారసత్వం మారింది. ఆమె కొడుకు మిఠాయి తెచ్చాడు. అతనికి ఉర్దూ చదవడం రాదు. తాతగారి సంతకం ఏదో మమ్మల్ని చూపించమన్నాడు. ఆ పిల్లవాడిదే కాదు, తెలుగు, ఇంగ్లీషు బడులలో చదివిన మన పిల్లలందరిదీ అదే స్థితి. ట్రంకుపెట్టెలో ఉన్న తమ హక్కును తామే చదువుకోలేరు.

కావున ఒక పని తలపెట్టాము. వచ్చే నాలుగు ఆదివారాలు, అసర్ నమాజు తర్వాత ఇదే హాలులో కూర్చుంటాము. ఉర్దూ శికస్తా వ్రాత చదవగల ఇద్దరు పెద్దలు వస్తామన్నారు. ఏమేమి తేవాలి? పాత కిబాలాలు, పన్ను రసీదులు, అద్దె చీట్లు, నోటరీ కాగితాలు, నిఖా సియాహా నకలు, బడి నుండి తీసిన టీసీలు, మొదటి కరెంటు బిల్లు, నల్లా రసీదు, పాత రేషన్ కార్డు. ఖబరస్తాన్‌లో మీ పెద్దల సమాధి రాయి మీద తేదీ ఉంటే ఫోటో తీయండి, అదీ ఒక సాక్ష్యమే. ఎవరి ఇంట్లోనైనా 1912 తర్వాత లియోనార్డ్ మున్ అనే ఇంజనీరు తయారుచేసిన నగర సర్వే పటం నకలు ఉంటే తప్పక తీసుకురండి. ఆ పటాలలో వీధులు, బావులు, మస్జిదులు వేరువేరుగా గుర్తించి ఉంటాయి. తార్నాకలోని రాష్ట్ర పురాలేఖ భాండాగారానికి నలుగురు యువకులను పంపాలని కూడా ఉన్నది. ఎవరు వెళతారో ఇప్పుడే చేయెత్తండి.

చదువుకున్న ఆడపిల్లలకు ఒక విన్నపం. మీ నానీ, దాదీ చెప్పేది సెల్ ఫోనులో రికార్డు చేయండి. ఏ ఏట వచ్చారు, ఏ ఊరి నుండి వచ్చారు, మొదట గోడ మట్టిదా, ఇటుకదా, పక్కింటివారెవరు, నీళ్లు ఎక్కడి నుండి తెచ్చేవారు. వారు పోయాక అడగడానికి ఎవరూ ఉండరు.

మూలపత్రం మాత్రం ఎవ్వరికీ ఇవ్వకండి, మాకు కూడా ఇవ్వకండి. జెరాక్స్ తెండి, మూలం చూపించి వెంటనే ఇంటికి తీసుకుపోండి. ప్లాస్టిక్ లామినేషన్ చేయించవద్దు, పాత సిరా దానికింద వెలిసిపోతుంది. మొదటి ఆదివారం వంతెనకు దగ్గరి రెండు గల్లీలవారు రండి, మిగిలినవారికి వరుస తర్వాత చెబుతాము.